చక్కెర లేని ఇల్లు

మా మల్కాజ్‌గిరి ఒక్కటే కాదు, మొత్తం సికింద్రాబాద్‌లో నా అంత షుగర్ పడిపోయి మళ్ళీ లేచి చాయ్ తాగిన మనిషి ఇంకొకడు లేడు. పదకొండు. కావాలంటే రాసుకోండి, పదకొండు. మిషన్ చెడిపోయిందనుకుని డాక్టర్లు ఇంకో మిషన్ తెప్పించారు. అది కూడా అదే చెప్పేసరికి మూడోది తెప్పించారు. చదువుకుంటున్న పిల్ల డాక్టర్లు వరుసగట్టి వచ్చి నన్ను చూసి పోయారు. తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నాను. ఆ తొమ్మిది రోజులూ యముడి దున్నపోతు నా మంచం కోడుకే కట్టేసి ఉంది. దాని మెడలో గంట నా చెవులతో విన్నాను.

ఇది నేను పార్కు బెంచీ మీద కూర్చుని వచ్చినవాళ్ళకల్లా చెప్పిన కథ. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను జనరల్ బజార్‌లో చీరల దుకాణంలో పరుపు మీద కూర్చుని వయసంతా చీరలు పరిచినవాణ్ని. "రంగు పోదమ్మా, పోతే నా పేరు మార్చుకుంటా" అనని రోజు లేదు. ఆ చీరల్లో సగం మొదటి ఉతుకులోనే బకెట్‌కి రంగేసి వచ్చాయి. తెలివైన ఆడవాళ్ళు నా మాట నమ్మేవాళ్ళు కాదు, చీరను దుకాణం బయటికి తీసుకెళ్ళి ఎండలో చూసుకునేవాళ్ళు. ఈసారి ఆ పని నేనే చేస్తాను. మా కాలనీ పెద్దల సంఘంవాళ్ళు షుగర్ ఉన్న తోటివాళ్ళకి పనికొచ్చేటట్టు నా అనుభవం రాయమన్నారు. పనికిరావాలంటే ఎండలోకి తేవాలి కదా.

గత ఎండాకాలం మొదట్లో మా డాక్టరమ్మ గోలీలతో పాటు ఇన్సులిన్ షురూ చేసింది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. షుగర్ నాకు కొత్తేం కాదు. అప్పటిదాకా దాన్ని దూరపు చుట్టంలాగా చూసుకున్నాను. వస్తుంది, పోతుంది, పెద్దగా మర్యాద చేయక్కర్లేదనుకున్నాను. పొట్టలో సూది అనేసరికి ఆ చుట్టం మా ఇంట్లోనే మకాం వేసిందని తెలిసింది.

ఆ ఆస్పత్రి వెయిటింగ్ హాల్లో ఎవరూ ఎవరి పేరూ అడగరు. "మీదెంత?" అని అడుగుతారు. పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు బడి ముందర పిల్లల్లాగా ఉంటారు ముసలాళ్ళంతా. తక్కువ వచ్చినవాడు కాలు మీద కాలేసుకుంటాడు, ఎక్కువ వచ్చినవాడు ఫైలు మూసి చంకలో పెట్టుకుంటాడు. ఆ రోజు నా పక్కన ఒకాయన పాదానికి కట్టు కట్టుకుని కూర్చున్నాడు. బొటనవేలు ఉండాల్సిన చోట కట్టు చదునుగా ఉంది. నేను అటు చూడకుండా ఎదురుగోడ మీద ఫ్యాన్‌ను చూస్తూ కూర్చున్నాను. ఆ గోడ మీద ఫ్యాన్ లేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ సులోచన నాకు సూది వేయడం నేర్చుకుంది. మొదటిరోజు ఆమె చెయ్యి వణికింది, నా పొట్ట వణికింది. "ఇద్దరం ఒక్కసారి ఒణికితే ఎట్లయ్యా, నువ్వన్న ఆపు" అంది.

సరిగ్గా ఆ దినాల్లోనే నాకు డైట్ దొరికింది. మా బిడ్డ కవిత అల్వాల్‌లో ఉంటుంది. వాళ్ళ అత్తగారి తరపు పెళ్ళిలో, ఫంక్షన్ హాల్లో, నేను ఎవరూ చూడకుండా ఒక కూల్‌డ్రింక్ గ్లాసు అందుకోబోయాను. కవిత వెనక నుంచి వచ్చి దాన్ని లాక్కుని, నా చేతిలో ఒక చల్లటి డబ్బా పెట్టింది.

"గిది తాగు నాయినా. ఇది డైట్. దీంట్ల షుగర్ జీరో."

తాగాను. తియ్యగా ఉంది! షుగర్ లేదట, తియ్యగా ఉందట. ఇన్నేళ్ళుగా చప్పిడి చాయ్ తాగుతున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి? మర్నాటికల్లా మా ఫ్రిజ్‌లో డైట్ సీసాలు చేరాయి. వారం తిరిగేసరికి నాకో సిద్ధాంతం కూడా తయారైంది. జీరోతో దేన్ని గుణించినా జీరోనే కదా, బిర్యానీ తిని దానిమీద జీరో తాగితే మొత్తం జీరో. ఈ మాట సులోచనతో అంటే, "లెక్కలల్ల ఎన్నిసార్లు ఫెయిలయినవో మీ అమ్మ నాకు చెప్పింది తియ్యి" అంది. నేను వినలేదు. స్టేషన్ రోడ్డులో మిర్చిబజ్జీ తిన్నా చేతిసంచిలో డైట్ ఉండేది. తోటి షుగర్‌వాళ్ళకు ఈ సిద్ధాంతం బోధించాను కూడా. వాళ్ళలో ఇద్దరు నన్ను నమ్మారు. వాళ్ళు ఇది చదువుతుంటే, తప్పు నాదే, మన్నించండి.

మూడు నెలల షుగర్ పరీక్ష వచ్చింది. డాక్టరమ్మ కాగితం చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏం తింటున్నారు?"

"జొన్నరొట్టె అమ్మా. ఆకుకూర. అంతే."

"శుక్రారం బిర్యానీ, ఐతారం బిర్యానీ, నడుమ బజ్జీలు" అంది సులోచన పక్క నుంచి.

"మరి దానిమీద డైట్ తాగుతున్న గదా!" అన్నాను నేను, చాలా అన్యాయం జరిగినట్టు.

డాక్టరమ్మ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "దాంట్లో చక్కెర లేదు, నిజమే. అందుకని అది మీ షుగర్‌ని పెంచదు. తగ్గించదు కూడా. మామూలు కూల్‌డ్రింక్ బదులు ఎప్పుడన్నా ఒకటి తాగితే నేను కాదనను. దాహానికి నీళ్ళున్నాయి. కానీ అది మందు కాదు. మీ బిర్యానీ వెనకాల పరిగెత్తి దాన్ని పట్టుకు రాదు" అంది. ఇన్సులిన్ పెంచింది. పెంచి, ఇద్దరినీ చూసి మెల్లగా చెప్పింది. "ఒకటి గుర్తు పెట్టుకోండి. చెమటలు పట్టినా, వణుకు వచ్చినా, మాట తడబడినా షుగర్ పడిపోతున్నట్టు. వెంటనే తీపి ఇవ్వాలి. గ్లూకోజో, చక్కెరో, కూల్‌డ్రింకో, ఏదో ఒకటి ఇంట్లో ఉంచుకోండి." అప్పటికే మా వెనకాల పేషెంటు తలుపులో ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. మేం లేచాం.

ఆ సాయంత్రం సులోచన ఇల్లు దులిపింది. చక్కెర డబ్బా, బెల్లం, తేనె సీసా, బిస్కెట్లు, అరటిపండ్లు, అన్నీ ఒక బుట్టలో వేసి పైన మూడో అంతస్తులో ఉండే ప్రభావతిగారికి ఇచ్చేసి వచ్చింది. ఆవిడ గోదావరి జిల్లా నుంచి వచ్చి చాలా ఏళ్ళుగా మా పైన ఉంటోంది. మాది మొదటి అంతస్తు. లిఫ్టు లేని బిల్డింగు.

మిగిలింది దేవుడు. సులోచన రోజూ పొద్దున దేవుడి ముందర చిన్న ఇత్తడి గిన్నెలో బెల్లం ముక్క పెడుతుంది. నేను రోజూ ఆమె దణ్ణం పెట్టుకుని వంటింట్లోకి పోగానే ఆ ముక్క నోట్లో వేసుకుంటాను. నైవేద్యం తింటే దోషం లేదని నా వాదన. ఆ ఒక్క దారీ ఆమె మూసేసింది. మర్నాటి నుంచి గిన్నెలో నాలుగు బాదం పలుకులు.

"దేవునికి సుత షుగర్ తెచ్చినవా ఏందే?" అన్నాను.

"నీతోని ఉంటే ఎవరికైనా వస్తది" అంది.

రెండురోజులాగి ఆమెకే గుర్తొచ్చింది. "ఏమయ్యా, తీపి ఒకటి ఇంట్ల పెట్టుకోమన్నది గదా డాక్టరమ్మ? గ్లూకోజ్ పాకెట్ తెస్తవా?"

నేను టీవీ ముందు ఉన్నాను. "ఫ్రిజ్‌ల కూల్‌డ్రింక్ లేదా? ఆమె చెప్పినదాంట్లనే అది సుత ఉండె."

"అవు గదా, ఉన్నది" అంది సులోచన.

అంతే. మాకు ఇద్దరికీ తట్టలేదు. మా ఇంట్లో కూల్‌డ్రింక్ అంటే డైటే. నాలుకకు తియ్యగా ఉంది, కాబట్టి తీపి అనుకున్నాం. ఆ నాలుగు మాటల్లో నా ప్రాణం ఉందని టీవీ చూస్తున్న నాకు తెలియలేదు, పప్పు ఏరుతున్న ఆమెకూ తెలియలేదు. మీ ఇంట్లో ఇట్లాంటి సీసా ఉంటే ఈ పేజీ ఇక్కడ ఆపి వెళ్ళి చూసిరండి. డైట్ సీసా పడిపోయిన షుగర్‌ని లేపదు.

శ్రావణమాసంలో మళ్ళీ పరీక్ష. దుకాణంలో పనిచేసిన రోజుల్లో సేటు స్టాక్ చూడటానికి వస్తున్నాడంటే ముందురోజు మేం చేసే పని ఒకటుంది. చిరిగినవి కింద, మెరిసేవి పైన. నా ఒంటికి కూడా అదే చేశాను. మూడు నెలల షుగర్‌ని మోసం చేయలేమని నాకు తెలుసు, కానీ పరగడుపు షుగర్‌ని చేయొచ్చు. డాక్టరమ్మ నన్ను ఒక్కసారైనా మెచ్చుకోవాలి. వెయిటింగ్ హాల్లో నేనొకసారైనా కాలు మీద కాలేసుకోవాలి. ముందురోజు అన్నం మానేశాను. కీరదోసకాయ, మజ్జిగ. సాయంత్రం మల్కాజ్‌గిరి స్టేషన్ దాకా నడిచి వచ్చాను. రాత్రి సూది మాత్రం పూర్తిగా వేయించుకున్నాను. సులోచన అన్నం పెడితే కడుపు బాగాలేదన్నాను. పొద్దున ఆమె స్నానానికి పోగానే పొద్దుటి సూది కూడా నేనే వేసుకుని, గోలీ వేసుకున్నాను. పరగడుపున. మందు వేసుకుని పోతే నంబరు ఇంకా దిగుతుందని.

దిగింది.

చొక్కా వేసుకుంటున్నాను. గుండీ కాజాలోకి పోవడంలేదు. వయసంతా గుడ్డతో బతికిన చేతులివి. గుండీ వేళ్ళ మధ్యనే ఉంది, కాజా కళ్ళ ముందే ఉంది, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎట్లా పోవాలో మరిచిపోయాను. మెడ వెనక నుంచి చెమట మొదలైంది. బయట ముసురు, లోపల ఫ్యాను, బనియన్ మాత్రం పిండితే నీళ్ళు కారేటట్టుంది. సంగతేంటో అర్థమైంది. అర్థమైన సంగతి చెప్పాలి.

వంటింట్లోంచి సులోచన, "అయిందా? ఆటో అతను వస్తడు" అంది.

"రామాగ్రీన్‌కి మెరూన్ బార్డర్ అమ్మా. ఒకసారి భుజం మీద వేసుకుని చూడండి" అన్నాను.

నేను చెప్పదలుచుకున్నది అది కాదు. నోట్లోంచి వచ్చింది అది.

"పొద్దుపొద్దుగాల్ల నీ ఏషాలు మొదలైనయా?" అని ఆమె నవ్వింది. గిన్నెలు కడుక్కుంటూనే ఉంది. నేను ఇంకేవో రంగులు చెప్పాను. ఆమె ఇంకా నవ్వింది. ఇన్నేళ్ళు నేను ఆమెను నవ్వించడానికి వేసిన వేషాలన్నీ ఆ పొద్దున నాకు అడ్డం నిలబడ్డాయి. ఒక్క మాటతో మనిషిని నమ్మించడం నాకు తెలిసిన ఒకే విద్య. ఆ రోజు నిజం చెప్పడానికి ఆ ఒక్క మాటే దొరకలేదు.

నేను కిందపడ్డ చప్పుడుకి వచ్చింది. చూసింది. "అయ్యో, లో అయింది, లో అయింది" అంటూ ఫ్రిజ్ దగ్గరికి ఉరికింది. సీసాతో వచ్చి నా తల ఒళ్ళో పెట్టుకుంది. మూత తిప్పిన చప్పుడు, గ్యాస్ పోయిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి.

సీసా చూశాను. అది డైట్. అంత మబ్బులోనూ ఆ ఒక్కటి నాకు తెలుసు. దాంట్లో ఏమీ లేదని తెలుసు. "తాగు, జెర తాగు, గిప్పుడే తక్కువైతది" అంటోంది ఆమె. ఆమె కళ్ళలో భయం ఉంది, కానీ దానికన్నా ఎక్కువ నమ్మకం ఉంది. డాక్టరమ్మ చెప్పిందే కదా ఇస్తోంది! నేను చెప్పాలి. ఒక్క మాట. పెదవులు నావి కావు. ఆమె ప్రేమగా పోస్తున్నది నోటి పక్క నుంచి కారుతోంది. లోపలికి పోయినా ఒకటే, బయటికి పోయినా ఒకటే. బావిలో పడ్డవాడికి పైనుంచి ఎవరో నీళ్ళు అందిస్తున్నట్టుంది.

ఆ తర్వాత నాకు గుర్తున్నది ఒక్క చెయ్యి. సులోచన నా చెయ్యి పట్టుకుంది. మాట పోయింది, చూపు పోయింది, ఆ చెయ్యి మాత్రం పోలేదు. గట్టిగా, చల్లగా, కొంచెమైనా కదలకుండా ఉంది. ఎంతసేపో తెలియదు. నేను మునిగిపోతున్నప్పుడల్లా దాన్ని పట్టుకుని పైకి వచ్చాను. నా సావాసంలో ఆమె పడ్డ పాట్లన్నీ కలిపినా ఆ కాసేపటికి సాటిరావు.

ఎట్లా తెలిసిందో ఏమో, దేవుడు పంపినట్టు ప్రభావతిగారు దిగి వచ్చింది. "అన్నయ్యగారూ, నోరు తెరవండి, పంచదార. మింగక్కర్లేదు, చప్పరించండి చాలు" అని నాలుక మీద వేసింది. మళ్ళీ వేసింది. లోకం ఒక మూల నుంచి వెలిగింది. మొదట కనిపించింది ఆవిడ చేతిలోని చక్కెర డబ్బా. మూత మీద సొట్ట. మా డబ్బానే అది, మా చక్కెరే. మేం వెళ్ళగొట్టింది తిరిగి వచ్చింది.

అంబులెన్స్ వచ్చేసరికి నా పేరు చెప్పగలిగాను. ఆస్పత్రిలో మిషన్ పెట్టి చూశారు. ఇక ఎండలోకి తెస్తున్నాను చూడండి. చక్కెర చప్పరించాక కూడా ముప్పై ఆరు ఉంది. పదకొండు కాదు. మిషన్ ఒక్కటే. పిల్ల డాక్టర్లు ఎవరూ రాలేదు, ఒక నర్సమ్మ మాత్రం వచ్చి "ఏం తాతా, పొద్దున ఏం తినకుండా సూది వేసుకున్నవా?" అని చెవి మెలిపెట్టినట్టు అడిగింది. ఐసీయూ కాదు, ఎమర్జెన్సీ వార్డు. తొమ్మిది రోజులు కాదు, మర్నాడు మధ్యాహ్నం దాకా. గోలీ మందు ఒంట్లో ఇంకా ఉంది, మళ్ళీ పడిపోవచ్చని గ్లూకోజ్ ఎక్కిస్తూ ఉంచారు. దున్నపోతు గంట కూడా అబద్ధమే. అది స్టాండుకి కట్టిన గ్లూకోజ్ సీసా, ఎవరైనా తగిలితే ఇనుప కడ్డీకి కొట్టుకుని మోగేది.

కానీ భయం మాత్రం నేను పెంచింది కాదు. కళ్ళు మూసుకుంటే మళ్ళీ మాట పోతుందేమోనని మూసుకోలేదు. ఊరికే అన్నీ పైకి చదువుతూ ఉన్నాను, బోర్డు మీది అక్షరాలు, దుప్పటి మీది ముద్ర. పక్క మంచం మీది మనిషి వాళ్ళావిడ తన ఫ్లాస్కులోంచి ఒక కప్పు చాయ్ పోసి తెర అవతలికి తీసుకెళ్ళింది. "తాగక్కా, పొద్దటి సంది ఒక్క తీరుగ నిలబడ్డవు" అనడం విన్నాను. అవతల ఉన్నది సులోచన. ఆమె తాగిందో లేదో తెలియదు. ఆ చాయ్ పోసినావిడ ఎవరో, ఏ ఊరో అడగలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

కాసేపటికి కవిత వచ్చింది. తెర అవతల దాని గొంతు.

"ఏం ఇచ్చినవమ్మా?"

"కూల్‌డ్రింక్ పోసిన బిడ్డా."

"ఏ కూల్‌డ్రింక్?"

"ఫ్రిజ్‌ల ఉన్నది" అంది సులోచన.

"డైట్ పోసినవా? అమ్మా, సీసా మీద అంత పెద్దగ రాసి ఉంటది! నీకు చదువు రాదా? గట్ల మింగలేని మనిషికి నీళ్ళు సుత పొయ్యొద్దు, ఊపిరితిత్తులల్లకి పోతది! నాయినను సంపుతుంటివి గదా!"

భయంతో అరిచింది పిల్ల, కోపంతో కాదు. అరిచి ఏడ్చింది కూడా. నేను తెర ఇవతల పడుకుని వింటున్నాను. ఇప్పుడు నాకు మాట వచ్చింది, నాలుక తిరుగుతోంది. "అన్నం మానింది నేను, దొంగతనంగా సూది వేసుకుంది నేను, కూల్‌డ్రింక్ ఉంది కదా అన్నది కూడా నేనే" అని అరవొచ్చు. అరవలేదు. ఈ చేతగానితనానికి షుగర్ మీద నింద వేయలేను. సాయంత్రం చెప్పాను కవితకు, అన్నీ చెప్పాను. అప్పటికే ఆ మాట సులోచన ఒంట్లోకి పోయింది.

ఇంటికొచ్చాక ఆమె మారిపోయింది. ఇల్లంతా చక్కెర. నా చొక్కా జేబులో పొట్లం, దిండు కింద పొట్లం, చెప్పుల స్టాండు మీద గ్లూకోజ్ డబ్బా. దేవుడి గిన్నెలోకి బెల్లం తిరిగి వచ్చింది, నా కన్నా దేవుడే ఎక్కువ సంతోషపడి ఉంటాడు. నేను మధ్యాహ్నం కునుకు తీస్తే వచ్చి తొడపాశం పెడుతుంది. "అబ్బా!" అంటే, "ఆఁ, పండుకో" అని పోతుంది. మాటలు తగ్గిపోయాయి. నా మీద వేసే విసుర్లు కూడా తగ్గిపోయాయి, అది నన్ను ఎక్కువ భయపెట్టింది. మోకాలు వాచింది, కుంటుతూ నడుస్తోంది. ఆస్పత్రిలో ఇనుప కుర్చీల మీద కూర్చుని కూర్చుని పట్టేసి ఉంటుందనుకున్నాను.

చూడటానికి వచ్చినవాళ్ళందరికీ నేను చెయ్యి కథ చెప్పాను. ఆమెను తేలికపరచాలనే చెప్పాను, నిజం. "డైట్ పోస్తే ఏమైంది? చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యే నన్ను బతికించింది" అని ప్రతి ఒక్కరికీ చెప్పాను. చెప్పినప్పుడల్లా ఆమె లేచి వంటింట్లోకి పోయేది. సిగ్గు అనుకున్నాను. ఒకసారి ప్రభావతిగారు, "అది కాదు అన్నయ్యగారూ, ఆ రోజు వదినగారు…" అని ఏదో అనబోయింది. సులోచన ఆవిడ వైపు చూసింది. ఆవిడ చాయ్ తాగేసి వెళ్ళిపోయింది.

కవిత నన్ను అల్వాల్ తీసుకుపోతానంది. కొన్నాళ్ళు తన దగ్గర ఉంటే తిండీ మందూ తనే చూసుకుంటానంది. సులోచన ఆపుతుందనుకున్నాను.

"తీస్కపో బిడ్డా. నాతోని ఉంటే సంపుత" అంది.

కవితతోనే అంది, నా మొహం చూడకుండా, నేల వైపు చూస్తూ. మనిషి కోపంగా అంటే జవాబు చెప్పొచ్చు. ఇది కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అంది. రేపు ఐతారం కవిత వస్తుంది. నా బట్టలు సర్దిన సంచి తలుపు పక్కన ఉంది. నాతో రమ్మంటే రానంది, ఉండమంటావా అంటే నా మందుల డబ్బా కూడా తెచ్చి ఆ సంచిలో పెట్టింది. నేను అమ్మలేని చీర అంటూ లేదు దుకాణంలో. ఈ ఒక్క మనిషికి, నువ్వు నన్ను చంపలేదే అన్న మాట అమ్మలేకపోతున్నాను.

అందుకే ఇది ఇవాళ కూర్చుని రాశాను, సంఘంవాళ్ళ కోసం సగం, ఆమె కోసం సగం. రాసి, ఆమె పాలకూర తెంపుతుంటే ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చదివి వినిపించాను. గోడ మీద లేని ఫ్యాను దగ్గర నవ్వింది. నైవేద్యం దగ్గర "దొంగ" అంది. తెర అవతల కవిత మాటలు వచ్చినప్పుడు తల వంచుకుంది. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి. చివరిదాకా విని అంది.

"అది కొట్టేయి."

"ఏది?"

"చెయ్యి ముచ్చట."

"దీంట్ల పెంచకుండ రాసింది గదొక్కటే గదనే!"

"గదే అబద్ధం. నేను లేను ఆడ."

నేను కాగితాలు కింద పెట్టాను. ఆమె పాలకూర వైపు చూస్తూనే చెప్పింది.

"సీసా పోసిన. సగం బనియన్ మీదికే పాయె. నువ్వు ఇంకింత సల్లబడుతున్నవు. ఇది పని చేస్తలేదని సమజయింది, ఎందుకు చేస్తలేదో తెల్వలే. ఎదురింటికి తాళం. ఫోన్ ఎక్కడ పెట్టిన్నో కానరాలే. నిన్ను నేల మీద వొదిలేసి మూడో అంతస్తుకు ఉరికిన. మోకాలు అప్పుడు పోయింది, కుర్చీలల్ల కూసుంటే కాదు. ప్రభావతమ్మను దేవుడు పంపలే, నేను తెచ్చిన. మాట రాలేదని రాసినవు గదా? వచ్చింది. ఒక్కటి వచ్చింది. 'పోకు' అన్నవు. నా కొంగు పట్టుకున్నవు. గుంజుకొని పోయిన."

"సులోచనా…"

"ఆగు. మేమొచ్చేసరికి టీపాయ్ కాలు పట్టుకొని ఉన్నవు. ఇద్దరం కలిసి నీ చేతి ఏళ్ళు ఒక్కొక్కటి ఊడదీసినం. లోకమంత చెప్పుకుంట తిరుగుతున్నవు గదా, అది నా చెయ్యి కాదు. టీపాయ్ కాలు."

నేను టీపాయ్ వైపు చూశాను. ఇనుప కాళ్ళది. మా పెళ్ళైన కొత్తలో కొన్నది.

"నువ్వు చెయ్యి చెయ్యి అన్నప్పుడల్ల నాకు ఎట్లుంటదో ఎరికేనా? పోకు అన్నోన్ని ఇడిసిపెట్టి పోయిన నేను. ఆ లోపట నీకు ఏమన్నయితే, ఒక్కనివే పోతుంటివి."

"కవితకు చెప్పినవా?"

"రేపు నేనే చెప్త. ఆ సంచి ఆడ్నే ఉండనీ, చెప్పినంక చూద్దం." తెంపిన ఆకు గిన్నెలో వేసి మొదటిసారి నా మొహంలోకి చూసింది. "నీ చెయ్యి పట్టుకొని కూసుంటే ఇయ్యాల నువ్వు గోడ మీద ఫొటోల ఉంటుంటివి. పట్టుకున్న అన్నది కొట్టేయి. ఇడిసిపెట్టి పోయింది, గది రాయి."